గ్రూప్ టూర్ బుక్ చేసే ముందు ఒక రోజు ప్రోగ్రాంని గంటల్లో లెక్కేయండి

నేను వెళ్లిన మొదటి గ్రూప్ టూర్ కాగితంలో ఆరో రోజు ఎదురుగా పెద్ద అక్షరాలతో ఫ్లోరెన్స్ అని ఉంది, ఇటలీలో ఊరు అది. ఆ రోజు మధ్యాహ్నం బస్సు నదికి అవతల ఒక గుట్ట మీద ఆగింది, పియాజాలే మికెలాంజెలో అంటారు దాన్ని, అక్కడ నిలబడితే ఊరంతా కనబడుతుంది, ఎర్రటి గుమ్మటం, ఆర్నో నది, దాని మీద వంతెనలు. ఫోటోలు తీసుకున్నాం. ఇరవై ఐదు నిమిషాలకి "పదండి పదండి" అన్నారు. ఇక ఊళ్లోకి దిగుతాం కాబోలు అనుకుంటూ కూర్చున్నాను, చూస్తే బస్సు హైవే ఎక్కేసింది. ఫ్లోరెన్స్ అంతే, అయిపోయింది! రాత్రి హోటల్లో ఆ కాగితం తీసి మళ్లీ చదివితే వాళ్లు చెప్పనిదేమీ చేయలేదు, ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో "పనోరమిక్ వ్యూ" అని రాసే ఉంది. చదవనిది నేనే.

అప్పటి నుంచి ఎవరైనా టూర్ వివరాలు పంపి "ఇది బాగుందా" అని అడిగితే ఊళ్ల పేర్లు చూడటం మానేశాను. ఊళ్ల పేర్లు అందరి దగ్గరా ఒకేలా ఉంటాయి. చూడాల్సింది ఊరి పేరు తర్వాత ఏ మాట ఉందో, ఆ మాటకి ఎన్ని గంటలు కేటాయించారో.

మాటల సంగతి ముందు చెప్తాను, ఇది పట్టుబడితే సగం పని అయినట్టే. "ఎంట్రీ ఇన్‌క్లూడెడ్" అని ఉంటేనే టికెట్ వాళ్లది, మీరు లోపలికి వెళ్తారు. "విజిట్" అని మాత్రమే ఉంటే అడగాలి, కొందరు లోపలికి అనే అర్థంలో రాస్తారు, కొందరు గేటు దాకా అనే అర్థంలో. "సీ", "వ్యూ" అంటే బయట నుంచే. "ఫోటో స్టాప్" అంటే పావుగంట, అరగంట. "డ్రైవ్ పాస్ట్" అంటే బస్సు దిగరు, కుడి వైపు కూర్చున్నవాళ్లకి కనబడుతుంది, ఎడమ వైపు వాళ్లు మెడలు సాచాలి. "ఓరియెంటేషన్ టూర్" అంటే ఊళ్లో ఒక చుట్టు తిప్పి ఎక్కడ ఏముందో చెప్పడం. "ఎట్ లీజర్" అంటే ఆ సమయం మీది, ఖర్చూ మీది. ఇక "ఆప్షనల్" అనే మాట గురించి డబ్బుల దగ్గర విడిగా చెప్పుకుందాం. కలోసియం పేరు ప్రతి రోమ్ టూర్‌లోనూ ఉంటుంది, కానీ లోపలికి తీసుకెళ్లేవి అందులో కొన్నే. ఈఫిల్ టవర్ కూడా అంతే, ఎక్కిస్తారా అని అడగడం సరిపోదు, రెండో అంతస్తు దాకానా పైదాకానా అని అడగాలి, రెండో అంతస్తు నేల నుంచి 116 మీటర్లు, పైది 276 మీటర్లు, టికెట్లు వేరు, క్యూలు వేరు. రెండో అంతస్తు నుంచే ఊరు బాగా కనిపిస్తుందని నా అభిప్రాయం, కానీ పైదాకా అనుకుని వెళ్లి మధ్యలో దించేస్తే మాత్రం ఎవరికైనా కడుపు మండుతుంది.

ఇప్పుడు గంటలు. ప్రోగ్రాంలో అన్నిటికంటే బరువుగా కనబడే రోజు ఒకటి ఎంచుకుని, కాగితం పెన్ను పట్టుకుని పొద్దున నుంచి రాత్రి దాకా లెక్కేయండి. ఉదాహరణకి యూరప్ టూర్లలో తరచూ కనబడే రోజు ఇది: "ఉదయం పారిస్ నుంచి బయలుదేరి లూసర్న్ చేరుకుంటాం, చాపెల్ బ్రిడ్జి, సింహం శిల్పం చూసి, షాపింగ్‌కి సమయం." చదవడానికి హాయిగా ఉంది. పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ సుమారు 600 కిలోమీటర్లు. యూరప్‌లో టూర్ బస్సులకి గంటకి 100 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ లిమిటర్ ఉంటుంది, ఊరు దాటడానికే ముప్పావుగంట పడుతుంది, సగటున ఎనభై అనుకున్నా ఏడున్నర గంటల డ్రైవింగ్. అక్కడి చట్టం ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకోవాలి, అది బతిమాలినా తగ్గదు. నలభై ఐదు మంది ఉన్న బస్సు ఒక్కసారి టాయిలెట్ కోసం ఆగితే అరగంట. భోజనానికి గంట. ఎనిమిదికి బయలుదేరినా సాయంత్రం ఐదున్నర, ఆరు. ఆ వేళకి దుకాణాలు మూసే పనిలో ఉంటాయి. అంటే ఆ "షాపింగ్‌కి సమయం" అనేది కాగితం మీద మాత్రమే ఉంది. ఎనిమిదికి అందరూ బస్సులో ఉండాలంటే సూట్‌కేసులు ఏడుకి తలుపు బయట పెట్టాలి, మీరు లేచేది ఐదున్నరకి.

ఇలాంటి రోజు టూర్‌లో ఒకటి ఉంటే పర్వాలేదు, దూరం దూరమే కదా. మూడు ఉంటే మాత్రం మీరు కొంటున్నది బస్సు కిటికీ. ఆ డ్రైవింగ్ నియమాలు తెలిస్తే ఇంకో ఉపయోగం కూడా ఉంది, రోజుకి తొమ్మిది గంటల డ్రైవింగే పరిమితి, వారంలో రెండు రోజులు మాత్రం పది దాకా వెళ్లొచ్చు, కాబట్టి ఎవరైనా ఒకే డ్రైవరుతో రోజూ అంతకు మించిన ప్రయాణాలు రాసి పెట్టారంటే వాళ్లు ఆ రూట్ ఎప్పుడూ నడపలేదన్నమాట, లేదా మీరు చేరేసరికి ఏదో ఒకటి ఎగరగొడతారన్నమాట.

రోజుల లెక్క కూడా ఓసారి సరిచూసుకోండి. "పది రోజులు తొమ్మిది రాత్రులు" అన్నదాంట్లో మొదటి రోజు విమానం దిగడం, చివరి రోజు ఎయిర్‌పోర్టుకి పోవడం, ఒక్కోసారి ఒక రాత్రి విమానంలోనే. తీసేస్తే మిగిలేది ఏడో, ఏడున్నరో. ఆ ఏడు రోజుల్లో ఐదు దేశాలు అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేనైతే హోటళ్లు లెక్కపెడతాను. తొమ్మిది రాత్రులకి ఏడు హోటళ్లు ఉంటే ఆ టూర్ జోలికి పోను. నాలుగు ఉంటే చదువుతాను, మూడు ఉంటే సంతోషం. ఒకే చోట వరసగా రెండు రాత్రులు ఉంటే ఒక పొద్దునైనా పెట్టె సర్దకుండా లేవొచ్చు, ఉతికిన బట్ట ఆరుతుంది, సాయంత్రం దారి తప్పకుండా వీధిలోకి వెళ్లి రావొచ్చు.

హోటల్ ఎక్కడుందనేది ఎన్ని స్టార్లనే దానికంటే ముఖ్యం. "పారిస్‌లో బస" అని ఉండి హోటల్ చార్ల్స్ డి గాల్ ఎయిర్‌పోర్టు పక్కన ఉంటే ఊరి మధ్య నుంచి పాతిక కిలోమీటర్లు. వెనిస్ అంటే చాలాసార్లు నీళ్లకి ఇవతలి ఒడ్డున ఉన్న మెస్ట్రే. ఫ్లోరెన్స్ అంటే మోంటెకాటిని టెర్మె, అది వేరే ఊరు, యాభై కిలోమీటర్ల అవతల. ఇందులో తప్పేమీ లేదు, ధర తగ్గేది అక్కడే, కానీ రాత్రి భోజనం అయ్యాక ఊళ్లో నడుద్దాం అనుకునే వాళ్లకి ఆ రాత్రులన్నీ పోయినట్టే. హోటల్ పేరు పక్కన "ఆర్ సిమిలర్" అని ఉంటుంది, అంటే ఆ స్థాయిలో ఇంకోటి ఇవ్వొచ్చని. కాబట్టి పేరు కాదు, "ఇదే ప్రాంతంలో ఉంటుందా, ఊరి నడిమి నుంచి ఎన్ని కిలోమీటర్ల లోపు" అని అడిగి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

మూసే రోజులు ఎవరూ చూడరు, విచిత్రం. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత. వెర్సాయ్ ప్యాలెస్ సోమవారం, ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ మ్యూజియం కూడా సోమవారమే. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూత, నెలలో చివరి ఆదివారం తప్ప, ఆ రోజు ఉచితం కాబట్టి జనం విరగబడతారు. టూర్ కంపెనీ ఒకే ప్రోగ్రాంని వారంలో రకరకాల రోజుల్లో బయలుదేరదీస్తుంది, కాగితం మాత్రం ఒక్కటే. మీరు వెళ్లే తేదీకి క్యాలెండర్ పక్కన పెట్టుకుని మీరే చూసుకోవాలి, పది నిమిషాల పని. స్పెయిన్‌లోని గ్రనడాలో అల్‌హంబ్రా కోట లాంటి చోట, లోపలున్న నస్రిద్ ప్యాలెస్‌లకి టికెట్ మీద గంట కూడా రాసి ఉంటుంది, దాటితే లోపలికి రానివ్వరు, కాబట్టి టికెట్లు ముందే తీస్తారా, అక్కడికి వెళ్లాక చూద్దాం అంటారా అన్నది తేల్చుకోండి.

సీజన్ కూడా అంతే. పూల తోట బొమ్మ అట్ట మీద వేసి జూన్‌లో నెదర్లాండ్స్ తీసుకెళ్లేవాళ్లుంటారు, ట్యులిప్‌ల కూకెన్‌హాఫ్ తోట మార్చి రెండో సగం నుంచి మే సగం దాకా మాత్రమే తెరుస్తారు. నార్వేలో ట్రోమ్సో వెళ్లేది ఆకాశంలో ఆకుపచ్చ కాంతుల కోసమైతే మే చివర నుంచి జూలై చివరి దాకా అక్కడ సూర్యుడే అస్తమించడు, చీకటి లేకపోతే కాంతులేం కనబడతాయి.

గ్రూపులో ఎంతమంది? దీనికి "సుమారు ముప్పై" అంటారు. సుమారు వద్దు, గరిష్ఠం ఎంతో అడగండి. పన్నెండు, పదహారు మంది గ్రూపుకీ నలభై ఎనిమిది మంది గ్రూపుకీ తేడా ధరలోనే కాదు, కాలంలో. పెద్ద గ్రూపులో ప్రతి చోటా ఒకరు ఆలస్యం, రోజుకి గంట, గంటన్నర ఎదురుచూడటంలోనే పోతుంది. చిన్న గ్రూపుకీ ఒక చిక్కుంది, అందులో ఒకరిద్దరు సణిగేవాళ్లు పడ్డారంటే తప్పించుకోవడానికి చోటుండదు! పెద్ద గ్రూపయితే చెవిలో పెట్టుకునే హెడ్‌సెట్లు ఇస్తారా అని అడగండి, అవి లేకపోతే గైడ్ చుట్టూ ఉన్న పదిమందికే కథ వినిపిస్తుంది, మిగతావాళ్లు గైడ్ ఎత్తి పట్టుకున్న గొడుగు వెనకాల నడుస్తారు.

గైడ్ అన్నప్పుడు ఇద్దరు వేర్వేరు మనుషులు ఉంటారని గుర్తుపెట్టుకోండి. టూర్ మేనేజర్ మొదటి నుంచి చివరిదాకా మీతో ఉంటారు, హోటల్ తాళాలు, తలలు లెక్కపెట్టడం, పాస్‌పోర్టు పోతే రాయబార కార్యాలయానికి పరుగులు అన్నీ వాళ్లే. లోకల్ గైడ్ ఆ ఊళ్లో లైసెన్సు ఉన్నవాళ్లు, రెండు మూడు గంటలు చూపించి వెళ్లిపోతారు. చరిత్ర తెలిసేది రెండోవాళ్ల వల్ల, టూర్ సాఫీగా సాగేది మొదటివాళ్ల వల్ల. ఏ ఊళ్లల్లో లోకల్ గైడ్ ఉంటారు, ఏ భాషలో చెప్తారు అనేది ప్రోగ్రాంలో లేకపోతే అడగండి. టూర్ మేనేజర్ మీరు బయలుదేరే చోటి నుంచే వస్తారా, అక్కడికి వెళ్లాక కలుస్తారా అన్నది కూడా, మొదటిసారి వెళ్లేవాళ్లకి విమానం మారే చోట తోడు లేకపోవడం పెద్ద టెన్షన్.

డబ్బుల దగ్గరికి వద్దాం. రెండు టూర్ల ధరలు పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఒకదాంట్లో ఉన్నవి రెండోదాంట్లో ఉండవు. కాగితం మీద విమానం, వీసా ఫీజు, ఇన్సూరెన్స్, టిప్పులు, ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి బండి, ఎన్ని పూటల భోజనం, ఊరి పన్ను, ఆప్షనల్ టూర్లు అని వరసలు గీసి, ప్రతి టూర్‌కీ నింపండి, ఖాళీగా ఉన్నచోట మీరు పెట్టాల్సిన ఖర్చు రాయండి. చవకది చవక కాదని అప్పుడు తేలుతుంది, చాలాసార్లు. ఆప్షనల్ అంటే విడిగా డబ్బు కట్టి వెళ్లేది, పేరుకే మీ ఇష్టం: బస్సు మొత్తం పడవ షికారుకి వెళ్తుంటే మీరొక్కరే ఏ పెట్రోల్ బంకు దగ్గరో గంటన్నర కూర్చోవాలి. అందుకే "ఆప్షనల్ తీసుకోనివాళ్లు ఆ సమయంలో ఎక్కడ ఉంటారు" అని అడగండి. నాకు తెలిసి ఈ ప్రశ్నకి ఠక్కున జవాబిచ్చిన కంపెనీలు బాగా నడిపేవే. నీళ్లు నమిలినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ధర మరీ తక్కువగా ఉంటే దుకాణాలు లెక్కపెట్టండి. పట్టు ఫ్యాక్టరీ, తివాచీల తయారీ, తోలు వర్క్‌షాప్, నగల ప్రదర్శన, ఇలా "చూడటానికి" తీసుకెళ్లే ప్రతిచోటా తలుపు చివర కౌంటర్ ఉంటుంది, మీరు కొన్నదాంట్లో టూర్ వాళ్లకి వాటా ఉంటుంది. చైనాలో ఇది ఎంత ముదిరిందంటే ఖర్చు కన్నా తక్కువకి టూర్ అమ్మి దుకాణాల్లో కమీషన్‌తో రాబట్టుకునే పద్ధతిని ఆపడానికి 2013 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పర్యాటక చట్టంలో ప్రత్యేకంగా ఒక నిబంధన పెట్టారు. ఒకటి రెండు దుకాణాలు ఉంటే సరదానే, నేనూ ఓ చోట టీ తాగి తివాచీ నేత చూసి ఏమీ కొనకుండా బయటపడ్డాను. రోజుకొకటి ఉంటే వద్దు.

ఒంటరిగా వెళ్తుంటే ధర కింద "ట్విన్ షేరింగ్" అని చిన్నగా ఉందేమో చూడండి, ఆ ధర గదిలో ఇద్దరున్నప్పుడు ఒక్కొక్కరికి. ఒక్కరే గది తీసుకుంటే సింగిల్ సప్లిమెంట్ అని అదనం కట్టాలి. కొన్ని కంపెనీలు అదే లింగానికి చెందిన ఇంకో ఒంటరి ప్రయాణికులతో గది పంచుకునేలా జత చేస్తాయి. జత దొరక్కపోతే ఆ అదనం ఎవరు భరిస్తారనేది ముందే రాయించుకోండి.

ఇక ఒళ్లు సహకరిస్తుందా లేదా అనేది మొహమాటం లేకుండా ఆలోచించాల్సిన విషయం. మా పిన్నికి మోకాళ్ల నొప్పులు, "నెమ్మదిగా నడుస్తాలే, మీరేం కంగారు పడకండి" అంటూ జోర్డాన్‌లో కొండరాళ్లలో చెక్కిన పాత నగరం పెట్రాకి వచ్చింది. టికెట్ దగ్గర నుంచి ఆ ప్రసిద్ధమైన ట్రెజరీ దాకా సుమారు రెండు కిలోమీటర్లు, అందులో సిక్ అనే ఇరుకైన రాతి సందే 1.2 కిలోమీటర్లు, అది దిగుడు, తిరిగి రావడం ఎండలో ఎక్కుడు. ఇంకా పైన మొనాస్టరీ చూడాలంటే 800 మెట్లు. ప్రోగ్రాంలో "పెట్రా, అర్ధ రోజు" అని ఒక్క ముక్క ఉంది. పిన్ని ట్రెజరీ ఎదురుగా బల్ల మీద కూర్చుని మొత్తానికి బాగానే ఆనందించింది కానీ మర్నాడు హోటల్ దాటలేదు. తర్వాత నుంచి ప్రతి టూర్‌కీ ఆవిడే ఫోన్ చేసి "రోజుకి ఎన్ని కిలోమీటర్ల నడక, ఎన్ని మెట్లు, మధ్యలో కూర్చునే వీలుందా, రాలేనివాళ్లు బస్సులో ఉండొచ్చా" అని ఆరా తీస్తోంది, అవతలివాళ్లు విసుక్కున్నా వదలదు.

ఎత్తు ప్రదేశాలైతే మెట్లు కాదు, ఏ ఊరు ముందు ఏది తర్వాత అనే వరస చూడాలి, ఎత్తుకి ఒళ్లు మెల్లగా అలవాటు పడాలి కదా. పెరూలో కుస్కో సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తు, మాచు పిచ్చు దానికంటే కిందే, 2,430 మీటర్లు. విమానం దిగిన రోజే కుస్కోలో తిప్పే టూర్ కంటే, దిగగానే కిందనున్న సేక్రెడ్ వ్యాలీకి తీసుకెళ్లి ఒకటి రెండు రాత్రులు ఉంచి, మాచు పిచ్చు చూపించి, చివర్లో కుస్కో పెట్టిన టూర్ తెలిసినవాళ్లు వేసినది. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ కూడా 3,454 మీటర్లు, రైల్లో కూర్చుని ఎక్కేస్తాం కాబట్టి తెలియదు, పైన గబగబా నడిస్తే తల తిరుగుతుంది. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు బుక్ చేసే ముందే డాక్టరుకి ఈ అంకెలు చూపించండి.

టూర్ ఖాయంగా బయలుదేరుతుందా అనేది ఇంకో మెలిక. కనీసం ఇంతమంది చేరితేనే అని షరతు ఉంటుంది, చేరకపోతే రద్దు చేస్తారు. యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్యాకేజీలకి ఆరు రోజులు మించిన టూర్ అయితే బయలుదేరడానికి 20 రోజుల ముందే ఆ రద్దు చెప్పాలని, ధర 8 శాతం కంటే ఎక్కువ పెంచితే మీరు ఏ రుసుమూ లేకుండా మానుకోవచ్చని నియమం ఉంది. మీరు కొనే చోట నియమం వేరే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు, కాబట్టి ఒప్పందంలో ఏముందో అదే దిక్కు. "గ్యారంటీడ్ డిపార్చర్" అని రాతలో వచ్చేదాకా విమానం టికెట్ మీరు సొంతంగా కొనకండి, టూర్ రద్దయితే వాళ్లు టూర్ డబ్బు ఇస్తారు, విమానం డబ్బు ఎవరూ ఇవ్వరు.

వీసా కావాల్సినవాళ్లు "వీసా అసిస్టెన్స్" అనే మాట చూసి మోసపోవద్దు, అది ఫారాలు నింపడంలో సాయం మాత్రమే. రాకపోతే ఎంత వెనక్కి వస్తుందో అడగండి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు, కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ చూపాలి. టూర్ కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ వీసాకి సరిపోయేంతే ఉంటుంది చాలాసార్లు, ముందే ఉన్న జబ్బులు, టూర్ మధ్యలో తిరిగి రావాల్సి రావడం లాంటివి అందులో ఉండకపోవచ్చు. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి, చాలా దేశాలు ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి.

కంపెనీ పెద్దది కదా అని డబ్బు గురించి నిశ్చింతగా ఉండకండి. 1841లో థామస్ కుక్ అనే ఆయన లెస్టర్ నుంచి లఫ్‌బరోకి మనిషికి ఒక షిల్లింగు చొప్పున ఐదొందల మంది దాకా రైల్లో తీసుకెళ్లాడు, ఈ గ్రూప్ టూర్ల వ్యాపారం మొదలైంది అక్కడే అంటారు. ఆయన పేరుతో నడిచిన బ్రిటన్ కంపెనీ 2019 సెప్టెంబర్ 23న కూలిపోయింది, అప్పటికి లక్షన్నర మంది బ్రిటన్ ప్రయాణికులు విదేశాల్లో ఉన్నారు. వాళ్లని ప్రభుత్వం విమానాలు పెట్టి తెచ్చింది, అటోల్ అనే రక్షణ పథకం కింద బుక్ చేసుకున్నవాళ్లకి ప్రయాణం కాకముందే పోయిన డబ్బూ వచ్చింది. మీరు కట్టే డబ్బుకి అలాంటి రక్షణ ఏదైనా ఉందా, ఉంటే దాని సర్టిఫికెట్ ఏది అని అడగండి. ఏమీ లేదంటే క్రెడిట్ కార్డుతో కట్టండి, అడ్వాన్స్ తక్కువ కట్టండి, ఎవరో వ్యక్తి ఖాతాకి మాత్రం పంపకండి.

రివ్యూల్లో ఐదు స్టార్లవీ ఒక స్టారువీ వదిలేసి మూడు స్టార్లవి చదవండి. "బాగుంది కానీ" అని మొదలయ్యే వాక్యాలన్నీ అక్కడే ఉంటాయి. పది మందిలో నలుగురు హడావిడి గురించి రాస్తే అది హడావిడి టూరే, గైడ్ ఎంత నవ్వించినా సరే.

చివరగా, ఫోన్లో "అన్నీ మేం చూసుకుంటాం, మీరేం ఆలోచించకండి" అంటే సరే అని పెట్టేయండి, పెట్టేసి అవే ప్రశ్నలు ఈమెయిల్ చేయండి: బరువైన రోజు గంటల లెక్క, హోటళ్ల ప్రాంతాలు, ఏవి ఎంట్రీ ఏవి బయట నుంచి, గరిష్ఠ సంఖ్య, ఆప్షనల్ ధరలు, రద్దు షరతులు. రెండు రోజుల్లో విడివిడిగా జవాబులు వస్తే ముందుకెళ్లండి. అడ్వాన్స్ కట్టే రోజున వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ టూర్ పేజీ మొత్తం పీడీఎఫ్‌గా దాచుకోండి, ఎందుకంటే మీరు మిగతా డబ్బు కట్టే నాటికి అదే పేజీలో "ఎంట్రీ" అన్నది "వ్యూ"గా మారి ఉండొచ్చు, అప్పుడు మీ దగ్గర చూపించడానికి పాతది ఉండాలి.